ఏడో బ్లాకు చప్పుడు

నమోదు 1

స్కూలుకి ఇవ్వాల్సిన ప్రాజెక్టు డైరీ యోహాను రాస్తున్నాడు. గుండ్రటి అక్షరాలు, ఎర్ర మార్జిను, ప్రతి పేజీ కిందా సంతకం. ఇది మాత్రం నాది. ఎవరికీ చూపించను కాబట్టి ఇందులో మర్యాదలు ఉండవు.

ఇవాళ చీటీలు తీశారు. ఆఖరి సంవత్సరం వాళ్ళందరినీ ఇద్దరిద్దరిగా జతకట్టి, ఊరికి పనికొచ్చే వస్తువొకటి చేసుకురమ్మంటారు. చెయ్యలేనివాళ్ళు ఫెయిలు. ఫెయిలైతే బతికినంతకాలం ఊటనీళ్ళ పంపు కొట్టుకోవడమే. నా చీటీలో యోహాను పేరొచ్చింది. మాస్టారు బోర్డు తుడవడం మర్చిపోతే లేచి వెళ్ళి తుడిచే రకం. పేరు చదవగానే వాడు నా వైపు చూసి నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

మా స్కూలు గోడమీద ‘చేసినవాళ్ళే కాయాలి’ అని నిలువెత్తు అక్షరాల్లో రాసి ఉంటుంది. కరకట్టపాలెంలో పుట్టినవాళ్ళకి దాని అర్థం ఉగ్గుపాలతోనే పట్టిస్తారు. పూర్వం ఎవరో కాంట్రాక్టర్లు వచ్చి సముద్రానికి అడ్డంగా కట్ట పోసి, మోటార్లు బిగించి, తమ దారిన తాము పోయారట. చూసే నాథుడు లేక అవన్నీ పాడై, ఒక తుపానుకి సముద్రం లోపలికొచ్చి సగం ఊరిని మింగిందట. మిగిలినవాళ్ళు కట్టను మళ్ళీ కట్టుకుని ఈ కట్టుబాటు పెట్టుకున్నారు. ఊరు తీసుకున్న ప్రతి వస్తువునీ, చేసినవాళ్ళే చచ్చేదాకా కనిపెట్టుకుని ఉండాలి.

మా అక్క గంగాభవాని నా వయసులో కాలువ మూతికి ఒక తలుపు చేసింది. పోటు వస్తే దానంతటదే మూసుకుంటుంది, ఆటుకి తెరుచుకుని ఊళ్ళో నీటినంతా సముద్రంలోకి వదిలేస్తుంది. ఊరంతా చప్పట్లు కొట్టింది. దండ వేశారు, తలుపు పక్కనే ఒక గది కట్టించారు, ఆ గదిలో అక్కను పెట్టారు. అప్పటినుంచీ అక్క అక్కడే. కీళ్ళకు పట్టిన గుల్లలు గీకడం, నాచు లాగడం, గ్రీజు రాయడం. పెళ్ళి కూడా ఆ గట్టుమీదే, ఆటు సమయం చూసి చేశారు. పంతులు గారు మంత్రాలు సాగదీస్తే పోటు మొదలైంది. పెళ్ళికూతురు చీర పైకి దోపుకుని తలుపు చూసుకోవడానికి పీటల మీంచి లేచి వెళ్ళింది. అందరూ నవ్వారు, నేను నవ్వలేదు.

తెలివైనవాళ్ళకి ఈ ఊళ్ళో దక్కే బహుమానం ఇదీ. నాకు అక్కర్లేదు.

నమోదు 2

రిజల్టు మూడు రకాలు. ‘పాసు, తీసుకున్నాం’ అంటే జీవితాంతం కాపలా. ‘పాసు, తీసుకోలేదు’ అంటే విడుదల. అప్పుడు ఊళ్ళో ఏ పని కావాలో సభలో నోరు తెరిచి అడగొచ్చు, ఆ పనిలో ఉన్న పెద్దలు కాదనడానికి లేదు. మూడోది ఫెయిలు, దాని సంగతి రాశాను.

అందుకే మా క్లాసు తెలివితేటలన్నీ సరిగ్గా పనికిరాకుండా చెయ్యడం మీదే ఖర్చవుతాయి. మరీ చెత్తగా ఉండకూడదు, మరీ బాగుండకూడదు. నిరుడు ఒకడు ఎండుచేపల మీద ఈగలు తోలే పంకా చేశాడు. ఈగలతో పాటు చేపలూ ఎగిరిపోయాయి. పెద్దల పరీక్ష సంఘం కడుపుబ్బ నవ్వి పాసు చేసింది. వాడిప్పుడు హాయిగా వంటశాలలో గరిటె తిప్పుతున్నాడు.

నాకు కావలసింది సర్వే పడవ. మునిగిపోయిన ఊళ్ళ మీదుగా పోయి, ఇంకా నేల ఎక్కడ మిగిలిందో కొలిచి పటాలు గీసే పడవ అది. వెళ్తే ఏళ్ళ తరబడి రాదు. ఈసారి కొత్తవాళ్ళకి ఒకే ఒక్క సీటుంది. ఆ సీటు కోసం నేను ఎవరి పీకైనా పిసుకుతాను.

అందుకని ప్రాజెక్టుగా చెవిపెట్టె అనే వస్తువు చెప్పాను. పొడుగాటి ఇనప చువ్వని కట్టలోకి దిగ్గొట్టి, దాని తలకి పాత గ్యాస్ లైటర్‌లోని బిళ్ళ అతికించి, చప్పుడు పెంచే సర్క్యూటు కట్టి, హెడ్‌ఫోన్ తగిలించుకుంటే, మట్టి లోపల పారే ఊట వినబడుతుంది. కట్టలో ఊట ఉందని పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. తెలిసినదాన్ని వినిపించే పెట్టె ఎవడికి కావాలి? సంఘం ముచ్చటపడి, మెచ్చుకుని, అవతల పెడుతుంది. అదీ నా లెక్క.

“బావుంది రత్నం,” అన్నాడు యోహాను. “ఊట ఎక్కడ ఎక్కువవుతుందో ముందే తెలిసిపోద్ది. ఊరు తప్పకుండా తీసుకుంటాది.”

“తీసుకోకూడదురా మొద్దూ. అందుకే కదా ఇది చెప్పింది.”

“నీకక్కర్లేపోతే మానెయ్. నాక్కావాలి. ఇది కట్ట కాపలా కదా, తీసుకుంటే కట్టమీదే పొడి ఇల్లిస్తారు. మా అమ్మ కాళ్ళు ఎప్పుడైనా సూశావా?”

చూశాను. వాళ్ళమ్మ పంపుల దగ్గర పనిచేస్తుంది. రోజంతా నీళ్ళలో నిలబడి, ఇంటికొచ్చి మళ్ళీ నీళ్ళలోనే వండుకుంటుంది. పాదాలు ఒరుసుకుపోయి పుళ్ళు పడ్డాయి. చూశాను కాబట్టే నాకు ఇంకా మండింది. జతలో ఇద్దరి పేర్లూ ఎక్కుతాయి, తీసుకుంటే ఇద్దరమూ కాపలాయే. వాళ్ళమ్మ కాళ్ళకి నా బతుకు అరగదీసి రాస్తానంటే నేనెలా ఒప్పుకుంటాను?

నమోదు 4

పొద్దున్నే ఇంట్లో గుంట తోడటం నా వంతు. రాత్రి ఊరిన ఉప్పునీళ్ళన్నీ నట్టింటి గుంటలో చేరతాయి. తోడి వీధికాలువలో పొయ్యకపోతే మంచం కోళ్ళు తడుస్తాయి. తోడి తోడి చేతులు కాయలు కాశాయి. ఆ చేతులతోనే బడికి వెళ్ళి టంకం పట్టుకుంటున్నాను.

అక్కడ యోహానుకీ నాకూ యుద్ధం నడుస్తోంది. పైకి మాత్రం మాస్టారి ముందు “ఆ తీగ ఇలా ఇవ్వు”, “ఇదుగో తీసుకో” అంటూ పెళ్ళివారిలా మాట్లాడుకుంటాం. నేను ఒక టంకం వదులు చేస్తే వాడు మర్నాడు వచ్చి గట్టిగా వేస్తాడు. గాలి చప్పుడు పడకుండా వాడు చువ్వ చుట్టూ కొబ్బరిపీచు కడితే నేను ఊడబీకుతాను. వాడు మళ్ళీ కడతాడు, ఈసారి పైన సైకిల్ ట్యూబు ముక్క కూడా చుడతాడు. చేసింది ఎవరని అడగడు. తల వంచుకుని పని చేసుకుపోతాడు. అరిస్తే నేనూ అరుద్దును. వాడి మౌనం నన్ను చంపుతోంది.

ఇందులో ఒక దరిద్రం ఉంది. నేను ఎక్కడ చెడగొడితే వాడు అక్కడ ఇంతకుముందు కంటే బాగా చేస్తున్నాడు. నేను లేకపోతే ఆ పెట్టె వట్టి బొమ్మగా మిగిలిపోయేది. నా దుర్మార్గం వల్లే అది రోజురోజుకీ బాగుపడుతోంది.

నమోదు 5

ఈవేళ మధ్యాహ్నం కట్టమీదికి తీసుకెళ్ళి పరీక్ష చేశాం. కట్టని బ్లాకులుగా విడదీసి, బ్లాకుకి ఒక కాపరిని పెట్టారు. మొదటి బ్లాకు నుంచి మొదలుపెట్టి చువ్వ దిగ్గొట్టుకుంటూ, వింటూ పోయాం. అన్నిచోట్లా ఒకటే చప్పుడు, పొయ్యి మీద నీళ్ళు కాగబోయే ముందు వచ్చే సన్నటి రొద. కాపర్లు వచ్చి విని, “ఓస్, ఇంతేనా,” అని వెళ్ళిపోయారు. నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. పడవ నాదే అనుకున్నాను.

ఏడో బ్లాకు దగ్గర యోహాను హెడ్‌ఫోన్ పెట్టుకుని కదలకుండా కూర్చుండిపోయాడు. చాలాసేపటికి తీసి నా చేతికిచ్చాడు.

అక్కడ రొద లేదు. టిక్... టిక్, టిక్... టిక్. చేటలో బియ్యం నుంచి రాయి ఏరి పళ్ళెంలో వేసినట్టు.

“అదేంట్రా?”

“ఇసక. నీళ్ళతోపాటు ఇసక కదుల్తోంది. గింజలు చువ్వకి తగుల్తన్నాయి.” వాడు కట్ట వెనక వాలు దిగి, అడుగున కారుతున్న నీళ్ళని దోసిట్లో పట్టి తెచ్చాడు. తక్కిన బ్లాకుల కింద కారేది తేటనీరు. ఈ దోసిట్లో మట్టి ఉంది.

తేటగా కారితే కట్ట చెమట పోస్తోందంటారు మావాళ్ళు. మురికిగా కారితే కట్ట పేగులు కోల్పోతోందంటారు. నీళ్ళు లోపల సొరంగం తవ్వుకుంటాయి, పైకి ఏమీ కనబడదు, ఒకనాటి పోటుకి మొత్తం కూలుతుంది. వెనక బస్తాలు గుండ్రంగా పేర్చి, లోపల ఇసక, దానిమీద కంకర, దానిమీద రాయి పోస్తే మట్టి ఆగి నీళ్ళు మాత్రమే వస్తాయి. ఎక్కడ పొయ్యాలో, ఎంత లోతుందో తెలియాలి. మా పెట్టె చువ్వని దించుకుంటూ పోతే లోతు కూడా చెబుతోంది. ఛీ, ఇంత బాగా పనిచేస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఏడో బ్లాకు సరిగ్గా కింద ఉన్నది మా అక్క గది.

నమోదు 6

ఏడో బ్లాకు కాపరి పేర్రాజు గారు. పరీక్ష సంఘానికి పెద్ద కూడా ఆయనే. కుర్రతనంలో ప్లాస్టిక్ చెత్త కరిగించి ఇటుకలు పోసే యంత్రం చేస్తే ఊరు తీసుకుందట, ఆ ఇటుకలతోనే ఏడో బ్లాకు కడుపు నింపారట. ఎదటి మనిషిని ‘బంగారం’ అనకుండా మాట్లాడలేడు. నాకు మొదటినుంచీ ఆయనంటే పడదు. తియ్యగా మాట్లాడే పెద్దాళ్ళందరూ నాకు పడరు.

ఇద్దరం వెళ్ళి చెప్పాం. ప్లాస్టిక్‌కీ మట్టికీ పొసగదని, ఆ సందుల్లోంచి నీరు దారి చేసుకుంటోందని యోహాను చేతులు కట్టుకుని మరీ వివరించాడు.

“పిల్లల ప్రాజెక్టులు చూసి చూసి నా జుట్టు నెరిసిపోయింది బంగారం,” అన్నాడాయన. “కప్ప గెంతితే మోగిన అలారాలు చూశాను, ఎలక పరిగెడితే మోగినవి చూశాను. జనం కంగారుపడి కట్టమీదికి పరిగెత్తి ఒకరినొకరు తొక్కుకున్నారు. అంచేత మీరు ఈ మాట వీధిలో అనకండి. పరీక్ష రోజున వింటాను కదా.”

“అప్పటిదాకా కట్ట ఆగుద్దా అండీ?” అన్నాను.

ఆయన నవ్వు మొహం మీద అలాగే ఉంది, కళ్ళు మాత్రం మారాయి. “నీకు నోరెక్కువ నూకరత్నం. మీ అక్కకి ఇంత నోరు లేదు.”

ఆయన భయమేమిటో తెలుసు. తాను చేసిన వస్తువు చెడితే, చేసినవాడి కుటుంబం కట్టమీది పొడి ఇల్లు వదిలి కిందికి దిగి, నీళ్ళలో ఉండాలి. అదీ కట్టుబాటే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడు పెద్దమనిషి.

నమోదు 8

పరీక్ష అయింది.

సంఘం అంతా ఏడో బ్లాకు మీదికే వచ్చింది. అక్కడే పెట్టమని యోహాను పట్టుబట్టాడు. ఈసారి నేను ఏ తీగా వదులు చెయ్యలేదు, ఆ సంగతి వాడికీ తెలుసు. ముందు సంఘంలో మిగతావాళ్ళు విన్నారు. వాళ్ళకి రొదేదో, టిక్కేదో ఏం తెలుస్తుంది? “చప్పుడేదో వస్తోంది” అని ఊరుకున్నారు. చివర పేర్రాజు గారు హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు.

చాలాసేపు విన్నాడు. నేను ఆయన మొహమే చూస్తూ నిలబడ్డాను. దవడ ఎముక కదిలింది. బొటనవేలు తనకు తెలియకుండానే చువ్వ మీద ఆ టిక్కులకి సరిగ్గా తాళం వేసింది. తర్వాత హెడ్‌ఫోన్ తీసి, జుట్టు సవరించుకున్నాడు.

“నాకేం తేడా వినబడలేదు,” అన్నాడు. “పిల్లలు కష్టపడ్డారు. మంచి మార్కులే వెయ్యండి. పాసు. తీసుకోలేదు.”

యోహాను వంగి చువ్వని కట్టలోంచి పీకడం మొదలుపెట్టాడు. పేర్రాజు గారు నా పక్కనుంచి వెళ్తూ వంగి, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు: “నీక్కావల్సింది ఇదేగా బంగారం? పడవెక్కి హాయిగా పో.”

నిజం. నాకు కావలసింది అచ్చంగా ఇదే. అడిగింది అడిగినట్టు చేతిలో పెట్టాడు. నాకు ఆయన మొహం మీద ఉమ్మెయ్యాలనిపించింది. ఏడుపు కూడా వచ్చింది, కోపం వల్ల వచ్చిన ఏడుపు, ఆపుకోలేకపోయాను.

ఊరు తీసుకోని పనిముట్టు మాట చెల్లదు. దాన్ని పట్టుకుని కట్టమీద గంట కొట్టడానికి లేదు, కొట్టినా ఒక్కరూ ఇంట్లోంచి కదలరు. కప్ప అలారాల తర్వాత పెట్టిన నియమం. నేను వీధిలోకి పోయి గొంతు చించుకున్నా, ‘పిల్ల ప్రాజెక్టు పోయిందని ఏడుస్తోంది’ అంటారు. సాయంత్రం ముగ్గురికి చెప్పి చూశాను. ముగ్గురూ అదే మాటన్నారు, ఒకావిడ తలకి నూనె రాసుకోమని కూడా చెప్పింది.

నమోదు 9

అక్క దగ్గరికి వెళ్ళాను. తలుపు కీళ్ళ మధ్య ఇరుక్కున్న తాడు ముక్క లాగుతోంది. చేతులు మోచేతుల దాకా గీసుకుపోయి ఉన్నాయి.

“అక్కా, ఈ గదిలో ఉండకు. కట్ట పోతోంది.”

“పోతే పోద్ది. తలుపొదిలి ఎక్కడికెళ్తానే? నేనెల్తే రేపు పోటుకి ఊరంతా మునుగుద్ది.”

“బావని పంపించెయ్ మరి.”

“ఎల్లమన్నాను. ఎల్లడు. నీ సంగతి సెప్పు, పడవ ఎప్పుడు?”

“అమావాస్య ముందు.”

అక్క తాడు వదిలేసి, నా భుజాలు పట్టుకుని కుదిపింది. “ఎల్లిపో. ఇన్నావా? ఏ ఎదవేషాలూ ఎయ్యకుండా ఎల్లిపో. నన్ను సూసి ఆగావంటే ఈ కాలవలోనే తొక్కేస్తాను. మనింట్లో ఒక్కదానికైనా కాళ్ళుండాలి.”

అక్క నన్ను ఎప్పుడూ ముద్దు చెయ్యలేదు. ఈవేళ కూడా చెయ్యలేదు. గ్రీజు చేతులతో నా జుబ్బా పాడు చేసి, పొమ్మని తోసేసింది.

నమోదు 10

సభలో ఒక్కొక్కరినీ పిలిచి ఏ పని కావాలని అడుగుతారు. నా వంతు వచ్చేసరికి పడవ కెప్టెన్ తాయారమ్మ గారు ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చుంది. సీటు ఇంకా ఖాళీగానే ఉంది.

పొద్దున గుంట తోడుతున్నప్పటినుంచీ ఆలోచిస్తున్నాను. తీసుకోని పనిముట్టుతో ఊరిని లేపడానికి లేదు కానీ, కొత్తగా పనిలో చేరినవాళ్ళు తమ సొంత పనిముట్టు తెచ్చుకోవచ్చు, దాన్ని గురువు ముట్టుకోకూడదు. ఇదీ ఆ సంఘం పెట్టిన నియమమే. పెద్దాళ్ళు నియమాలు పెట్టేటప్పుడు నాలాంటి మొండిది ఒకతి పుడుతుందని అనుకోరు.

“ఏం పని కావాలమ్మా?” అన్నారు.

“ఏడో బ్లాకు కాపలా. పేర్రాజు గారి దగ్గర.”

సభలో గుసగుసలు లేచాయి. పేర్రాజు గారు కుర్చీలో సర్దుకున్నాడు. కాదనడానికి లేదు. కాదంటే, ఎందుకు కాదని అడుగుతారు. ఏడో బ్లాకులో ఏ తేడా లేదని ఆయనే చెప్పాడాయె. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది ఆయన పని. “సంతోషం బంగారం,” అన్నాడు.

నేనేదో ఊరికోసం త్యాగం చేశానని ఎవరైనా అంటే పళ్ళు రాలగొడతాను. ఆయన వినబడలేదన్నాడు. వినబడిందని ఆయన నోటితోనే అనిపించాలి, అంతే. కొత్తవాళ్ళకి ఏడాది తిరిగితే వేరే పని అడిగే హక్కు ఉంటుంది. ఏడాది ఆయన ప్రాణం తోడేసి, ఆ తర్వాత ఏ చేపల పడవెక్కి అయినా పోయి సర్వే పడవని అందుకుంటాను.

నా తర్వాత యోహానుని పిలిచారు. వాడు లేచి, “పడవండీ,” అన్నాడు. పడవవాళ్ళ ఇంటివాళ్ళకి ఊరు నెలకింత మందూ మాకూ ఇస్తుందట, అమ్మ కాళ్ళకి పనికొస్తుందట. కాలువ మీద బల్లకట్టు ఎక్కితేనే కడుపులో తిప్పుతుంది వాడికి. నా సీటు వాడికి పోయింది.

నమోదు 13

పడవ వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు యోహాను కట్టమీదికొచ్చి, చెవిపెట్టెకున్న హెడ్‌ఫోన్ తీసేసి దాని స్థానంలో గుడిమైకుకి వాడే పాత గరాటా స్పీకరు బిగించి ఇచ్చాడు. అడగకుండానే చేశాడు. “ఇప్పుడు ఆయన సెవులు మూసుకున్నా లాభం లేదు,” అన్నాడు. నేను థాంక్స్ చెప్పలేదు. ‘చావకుండా రా’ అన్నాను. తెరచాప కనబడినంతసేపు అటే చూశాను.

ఇక పేర్రాజు గారూ నేనూ. ఆయన రేకుల షెడ్డు కింద స్టూలేసుకుని టీ తాగుతాడు. నేను ఎదురుగా కూర్చుని స్పీకరు ఆయన వైపు తిప్పుతాను. టిక్, టిక్. టిక్.

“ఆపు దాన్ని.”

“నా పనిముట్టండి.”

“తలనొప్పి వస్తోందే.”

“మీకు వినబడదు కదండీ, తలనొప్పెలా వస్తుంది?”

ఆయన షెడ్డు ఆ చివరికి స్టూలు జరుపుకుంటాడు. నేను స్పీకరు జరుపుతాను. పోటుకి టిక్కులు దగ్గరదగ్గరగా పడతాయి, ఆటుకి దూరమవుతాయి. ఇప్పుడు ఆటులో కూడా దగ్గరగానే పడుతున్నాయి. ఆయన నన్ను బంగారం అనడం మానేశాడు. అన్నం సగంలో వదిలి లేస్తున్నాడు. నాకు జాలి లేదు. అన్నం నాకూ దిగడం లేదు, కింద అక్క గదిలో పొయ్యి వెలిగించిన పొగ కనబడుతుంటే ఎలా దిగుతుంది?

నమోదు 14

చేతులకి ఇంకా బురద ఉంది. అయినా రాస్తాను.

అమావాస్య పోటు. మిట్టమధ్యాహ్నం. సముద్రం కట్ట అంచుకి జానెడు కిందికి వచ్చింది. టిక్కుల మధ్య ఖాళీ పోయింది, అన్నీ కలిసిపోయి మూకుడులో పేలాలు వేగుతున్న చప్పుడైంది. పేర్రాజు గారు టీగ్లాసు కింద పెట్టాడు. లేచి వెనక వాలు అంచుకెళ్ళి కిందికి చూశాడు. అడుగున ఊట బుడబుడమని పొంగుతోంది, ఎర్రగా, చిక్కగా.

వెనక్కి తిరిగి నా దగ్గరికొచ్చాడు. “ఎంత లోతులో ఉంది?”

“వినబడలేదన్నారుగా.”

“ఎంత లోతే!”

“వినబడిందని చెప్పండి ముందు.”

ఆయన మళ్ళీ వాలు వైపు చూశాడు. “వినబడింది. పరీక్షనాడే వినబడింది. నా మనవలు నీళ్ళలో పడుకోవాల్సొస్తుందని... వినబడింది. చెప్పవే తల్లీ, ఎంత లోతు?”

“రెండు నిలువులు. మెట్లకి ఎడమ పక్క. గంట కొట్టండి.”

ఆయన గంట తాడు పట్టుకున్నాడు కానీ లాగలేదు. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు, మళ్ళీ ఏం కుట్ర పన్నుతున్నాడో అనుకున్నాను.

“గంట కొట్టి ఏ పనిముట్టు చెప్పిందో అరవాలి,” అన్నాడు. “ఊరు తీసుకున్నదైతేనే జనం బస్తాలతో వస్తారు. సంఘం పెద్దగా నేనిప్పుడు నీ పెట్టెని తీసుకున్నానంటే, తీసుకున్నట్టే. వెనక్కి పోదు. నువ్వు చచ్చేదాకా ఈ కట్టమీదే, తిరిగొచ్చాక యోహానూ అంతే. ఏడాది లేదు, పడవ లేదు. చెప్పు, తీసుకోనా?”

నేనింతకాలం తప్పించుకు తిరిగిన మాట అది. దాన్ని ఈయన నోటినుంచి, ఈ చోట వినాల్సొచ్చింది. కిందికి చూశాను. అక్క గది గుమ్మంలో తుడిచిన తడి ఉంది. ఆమె తలుపు దగ్గర వంగి ఏదో గీకుతోంది, తలెత్తి చూడలేదు. సముద్రం వైపు చూశాను. అక్కడ ఏమీ లేదు, నీళ్ళే.

“నీ గంట కొట్టవయ్యా ముసలోడా!” అని అరిచాను. జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు.

కొట్టాడు. “ఏడో బ్లాకు! చెవిపెట్టె చెప్పింది! ఊరు తీసుకుంది!” అని ఆయన పెట్టిన కేకకి పంపుల దగ్గరివాళ్ళు పంపులొదిలి పరిగెత్తారు. వంటశాలలో గరిటె తిప్పేవాడూ వచ్చాడు. యోహాను వాళ్ళమ్మ ఆ పుళ్ళ కాళ్ళతోనే తలమీద ఇసకబస్తా పెట్టుకుని వాలు ఎక్కింది. పేర్రాజు గారు అందరికంటే ముందు బురదలోకి దిగి, నేను చూపించిన చోట మొదటి బస్తా వేశాడు. ఆ బస్తాతో తన ఇల్లు పోయిందని ఆయనకి తెలుసు. నేను ఆయన్ని క్షమించలేదు. కానీ బస్తాలు అందించాను.

తలుపు దగ్గర బావని నిలబెట్టి అక్క వచ్చింది. అందరినీ తోసుకుంటూ నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఎవరో అప్పటికే చెప్పేసినట్టున్నారు, మొహం చూస్తే తెలుస్తోంది. గ్రీజు చేత్తో నా చెంప మీద లాగి ఒక్కటిచ్చింది.

“ఎల్లమన్నాను కదే,” అంది. “ఎల్లమని ఎంత సెప్పాను!”

ఏడుస్తోంది. తన దండ వేసిన రోజున కూడా ఏడవలేదు మా అక్క. కంకర బస్తా ఒక కొస పట్టుకుని ఎత్తబోయాను, బరువుకి లేవలేదు. అక్క మొహం తుడుచుకోకుండానే వంగి రెండో కొస పట్టుకుంది.